ప్రమోషన్ ఇస్తామంటే లోపల ఏమీ కదల్లేదు. ఇది వయసు తెచ్చిన మార్పా, ఒట్టి అలసటా?

మిట్టమధ్యాహ్నం:

అందరికీ నమస్కారం. రాద్దామా వద్దా అని చాలా రోజులుగా ఊగిసలాడుతున్నా, ఈరోజు రాసేస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకు 46. ఇరవై రెండేళ్ళుగా ఒకే లైన్‌లో ఉన్నా. పోయిన నెల మా పైవాళ్ళు పిలిచి, నా పైన ఉన్న మేడమ్ వెళ్ళిపోతున్నారు, ఆ సీటు నీకే ఇద్దామనుకుంటున్నాం, ఆలోచించుకుని నెలలోపు చెప్పు అన్నారు. పదేళ్ళ కిందట ఇదే సీటు కోసం నేను పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు, రాత్రి పదకొండింటిదాకా కూర్చున్న రోజులున్నాయి, పెద్దది స్కూల్లో డాన్స్ చేస్తే వీడియోలో చూసుకున్నా, అదీ రెండ్రోజుల తర్వాత. ఇప్పుడు అదే సీటు దానంతట అదే ఎదురొస్తే లోపల ఏమీ కదల్లేదండీ. థాంక్స్ చెప్పి బయటికొచ్చి కార్లో కూర్చుని పది నిమిషాలు స్టార్ట్ కూడా చెయ్యలేదు. భయం కాదు, బాధా కాదు. ముక్కూమొహం తెలియని ఎవరికో మంచి జరిగిందని వింటే ఎలా ఉంటుందో అలా ఉంది.

నాన్న పోయి ఏడాదిన్నర. చివరి ఇరవై రోజులు హాస్పిటల్లో ఆయన పక్కనే ఉన్నా. ఒకరోజు మందుల స్ట్రిప్ మీద డేట్ కనపడక చెయ్యి దూరంగా చాచి చదవబోతుంటే నాన్న నవ్వి, ఒరేయ్ నీకూ చత్వారం వచ్చేసిందిరా అన్నారు. ఆయన నవ్వగా నేను చూసింది అదే ఆఖరు. కానీ నా మనసులో నాటుకుపోయింది అది కాదు. 38 ఏళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసిన మనిషి ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆఫీసు ఊసెత్తలేదు. ఎప్పుడు మెలకువ వచ్చినా వాళ్ళ తమ్ముడితో కలిసి చిన్నప్పుడు ఈత నేర్చుకున్న సంగతే, ఎవరు ముందు దూకారు, ఎవరు నీళ్ళు మింగారు, అదే. ఆ తమ్ముడితో, అంటే మా బాబాయ్‌తో, ఏదో మాటా మాటా వచ్చి పన్నెండేళ్ళుగా మాటల్లేవు. కబురు పంపనా అని అడిగితే ఇప్పుడెందుకులే అని అటు తిరిగి పడుకున్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

అప్పట్నుంచి నాకు ఏదో మారిపోయింది. మీటింగుల్లో ఎవరైనా గొంతు పెంచితే ఇంతకుముందు నేనూ పెంచేవాణ్ణి, ఇప్పుడు వాళ్ళ మొహం చూస్తూ కూర్చుంటున్నా. కొత్త కారు గురించి ఫ్రెండ్స్ మాట్లాడుకుంటుంటే వింటున్నా గానీ ఎక్కట్లేదు. అలాగని సన్యాసం పుచ్చుకునే మూడ్ కూడా కాదు, ఇంటి లోన్ ఇంకా ఏడేళ్ళుంది, చిన్నోడు ఎనిమిదో క్లాసు. మా ఆవిడతో చెప్తే, మీ మనసుకి ఏది ప్రశాంతంగా ఉంటే అది చెయ్యండి గానీ రేపు ఎప్పుడో నీ వల్లే వదులుకున్నా అని మాత్రం నా మీదికి నెట్టొద్దు అంది. న్యాయమే కదా.

అడగాలనుకున్నది ఇదీ. ఇది నిజంగా ప్రాధాన్యతలు మారడమా, లేక నేను అలిసిపోయి, నాన్న పోయిన దిగుల్లో ఉండి, దానికి మెచ్యూరిటీ అని మంచి పేరు పెట్టుకుంటున్నానా? రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఈ వయసు దాటినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

వానచినుకు:

తమ్ముడూ, నాకు 52. నాన్నగారి సంగతి చదివి కాసేపు ఆగిపోయాను.

నా అనుభవం చెప్తా, నీకు పనికొస్తుందేమో చూసుకో. నాకు 47లో అచ్చం ఇలాగే అయింది, దేని మీదా ఆశ లేదు, చీర కొనుక్కోవాలని లేదు, ఎవరైనా ఏమన్నా కోపం కూడా రావట్లేదు. ఇంట్లో అందరూ భలే శాంతంగా అయిపోయావే అని మెచ్చుకున్నారు, నేనూ నిజమే అనుకున్నా, వయసొచ్చింది, లోకం తీరు అర్థమైంది, ఇంక దేనికీ ఎగిరిపడక్కర్లేదు అని. ఓ ఏడాది అలాగే గడిచింది. తర్వాత జుట్టు రాలిపోతోందని డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్త పరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగా తక్కువ, బి12 కూడా తక్కువ. నా వైరాగ్యంలో సగం అదన్నమాట!

టాబ్లెట్లు మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకి ఒక్కొక్కటీ తిరిగొచ్చింది. పాటలు వినాలనిపించింది, ఊళ్ళు తిరగాలనిపించింది, పిల్లలతో కోపాలు కూడా వచ్చాయి. కానీ కొన్ని తిరిగి రాలేదు. బంధువుల్లో ఎవరు ఏమనుకుంటారో అన్న ఆరాటం రాలేదు. నా కన్నా వెనక ఉన్నవాళ్ళు ముందుకెళ్ళిపోతే రాత్రి నిద్ర పట్టకపోవడం రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, తిరిగొచ్చిందంతా ఒంట్లో బాగోక పోయింది, రానిదే నిజంగా మారింది. ఒళ్ళు బాగున్నప్పుడు తప్ప ఈ రెంటినీ విడదీయలేం, నేనైతే విడదీయలేకపోయా.

అందుకని ముందు ఒకసారి చెకప్ చేయించుకో. థైరాయిడ్, బి12, విటమిన్ డి, షుగర్, బీపీ. నిద్రలో గురక పెడుతున్నావేమో మీ ఆవిణ్ణి అడుగు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుంటే రాత్రంతా పడుకున్నా పొద్దున్న అలసటే ఉంటుంది. ఇంకో మాట, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఆఫీసు ఒక్కటే కాదు, ఇంతకుముందు ఇష్టమైనవి ఏవీ రుచించకుండా, దాదాపు రోజూ, రెండు వారాలకి మించి అలాగే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, మానసిక వైద్యుణ్ణి కలవాల్సిందే. పెద్దదిక్కు పోయినప్పుడు దుఃఖం ఉండటం సహజమే గానీ, దుఃఖం ముసుగులో అది లోపల కూర్చుంటే బయటివాళ్ళకి తెలీదు, మనకీ తెలీదు.

ఇది చదివే ఆడవాళ్ళకి కూడా ఒక మాట. మెనోపాజ్ ఎక్కువమందికి 45 నుంచి 55 లోపు వస్తుంది, కానీ హార్మోన్ల హెచ్చుతగ్గులు అంతకు కొన్నేళ్ళ ముందే మొదలవుతాయి. నిద్ర చెడిపోవడం, ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు. ఆ రోజుల్లో ఉద్యోగం మానేద్దాం లాంటి నిర్ణయాలు తీసుకునే ముందు ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి. మా తోటికోడలు మానేసింది, రెండేళ్ళకి మళ్ళీ వెతుక్కుంటే అదే హోదా దొరకలేదు.

పాత సైకిల్:

బ్రదర్, నేను ఆ మలుపు దగ్గర నిలబడి వద్దన్నవాణ్ణి. 47లో. ఇప్పుడు 55. కాబట్టి అటువైపు ఏముందో చెప్పగలను, మంచీ చెడూ రెండూ.

మొదటి రెండేళ్ళు చాలా బాగుంది. ఆరింటికి ఇంట్లో ఉండేవాణ్ణి. ఒళ్ళు తేలిక, మనసు తేలిక, ఇన్నాళ్ళూ ఎందుకు అలా పరిగెత్తానా అనిపించేది. మూడో ఏడు నా కింద ట్రైనింగ్ అయిన కుర్రాణ్ణి నా పైకి తెచ్చారు. మంచోడే, నన్ను ఇప్పటికీ సార్ అనే పిలుస్తాడు. అయినా మొదటిసారి అతని క్యాబిన్ బయట నిలబడి లోపలికి రావచ్చా అని అడిగినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది. నేనే వద్దన్నా కదా, మరి ఎందుకు కుళ్ళు? నాకు అర్థమైంది ఏంటంటే, మనసులో ఒక కోరిక పోయినా దాని వేరు అలాగే ఉంటుంది, తడి తగిలినప్పుడల్లా ఓ చిగురేస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఇప్పటికీ వేస్తుంది. వద్దనుకున్న రోజున నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకే నీకు చెప్తున్నా.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. నేను ఇంటికోసం వదులుకున్నా అనుకున్నా. ఇంట్లో పిల్లలు నాకోసం ఎదురుచూస్తున్నారని నా ఊహ. మావాడికి అప్పటికి పదిహేడు, మా పాపకి పద్నాలుగు. వాళ్ళు నాకోసం ఎదురుచూసిన రోజులు అయిపోయి చాలా కాలమైంది, వాళ్ళ గది తలుపులు వాళ్ళకున్నాయి, వాళ్ళ ఫోన్లు వాళ్ళకున్నాయి. నేను ఆరింటికి వచ్చి హాల్లో కూర్చుంటే, ఏంటి నాన్నా ఒంట్లో బాలేదా అని అడిగారు. ఆ మాట ఎంత గుచ్చుకుందో నాకు తెలుసు. దగ్గరవడానికి మూడేళ్ళు పట్టింది, అది కూడా మావాడికి డ్రైవింగ్ నేర్పే వంక మీద. రోజూ పొద్దున్నే అరగంట, ఇద్దరం ముందుకే చూస్తూ, ఎదురెదురుగా కూర్చుంటే చెప్పలేనివన్నీ అక్కడ చెప్పేవాడు. వాడికి లైసెన్స్ వచ్చాక కూడా ఇంకో ఆర్నెల్లు నేర్పా.

కాబట్టి వద్దనే ముందు ఒక పని చెయ్. వద్దంటే మిగిలే గంటలెన్ని, ఆ గంటలు ఎవరితో, ఏం చేస్తావు? పేరు పెట్టి, వారం పెట్టి రాసుకో. ఫ్యామిలీతో టైమ్ అని రాస్తే కుదరదు, అది గాలిలో మాట. రాయడానికి ఏమీ రాకపోతే ఇంకా నువ్వు దేన్నుంచో దూరం జరుగుతున్నావే గానీ దేనివైపూ వెళ్ళట్లేదు.

డబ్బు సంగతి కూడా సూటిగా చెప్తా. నాకు అప్పటికి లోన్ అయిపోయింది. అది ఉండుంటే వద్దనగలిగేవాణ్ణా అంటే నాకు డౌటే.

నాలుగో అంతస్తు:

అందరి అనుభవాలూ బాగున్నాయి. నా మాట కాస్త కటువుగా ఉంటే క్షమించండి.

నాకు 44. అమ్మకి మతిమరుపు జబ్బు, నాలుగేళ్ళయింది, నాతోనే ఉంటుంది. మా అబ్బాయికి ఈ ఏడు పరీక్షలు. నేను ఉద్యోగం చేస్తా. మధ్యవయసులో ప్రాధాన్యతలు మారతాయి అని అందరూ అంటుంటే నాకు అనిపిస్తుంది, నావి మారలేదండీ, ఎవరో వచ్చి మార్చేసి వెళ్ళిపోయారు. నాకు ఏం కావాలి అని నన్ను నేను అడుక్కుని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. అమ్మ రాత్రి రెండింటికి లేచి ఇంటికి వెళ్దాం పద అంటుంది. ఇదే ఇల్లు అమ్మా అంటే ఏడుస్తుంది. మొదట్లో నచ్చజెప్పేదాన్ని, ఇప్పుడు సరే తెల్లారాక వెళ్దాం అంటా, అప్పుడు పడుకుంటుంది. ఈ ఒక్కటి నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది. అన్నయ్య ఫోన్‌లో సలహాలిస్తాడు, బాగా చూసుకో అంటాడు. బాగా చూసుకో అనే మాట ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

మారింది ఏదైనా ఉంటే అది ఒకటే. అందరి దగ్గరా మంచిదాన్ననిపించుకోవడం మానేశాను. పెళ్ళిళ్ళకి రాలేదేం అంటే రాలేను అంతే అంటున్నా, కారణాలు చెప్పట్లేదు. మా స్కూల్ బ్యాచ్ గ్రూపు నుంచి బయటికొచ్చేశా, మొత్తం నలభై మంది, అందులో ఇద్దరితో మాత్రం వారానికోసారి ఫోన్. ఒకామె నేను ఏడిస్తే ఏమీ మాట్లాడదు, లైన్‌లో ఉంటుంది. చాలు. రాత్రి పడుకునే ముందు ఇరవై నిమిషాలు తలుపేసుకుని బొమ్మలు వేసుకుంటా, పెన్సిల్‌తో, ఎవరికీ చూపించను. ఆ ఇరవై నిమిషాలు ఎవరు తలుపు కొట్టినా తియ్యను, మా అబ్బాయికి తెలుసు.

మిట్టమధ్యాహ్నం గారూ, మీకు నెల రోజులు ఆలోచించుకునే టైమ్ ఇచ్చారు, అడిగితే వినే మనిషి ఇంట్లో ఉన్నారు. ఇది దెప్పిపొడవడం కాదు, నిజంగానే చెప్తున్నా, ఆ నెలని పూర్తిగా వాడుకోండి.

పుస్తకాల పురుగు:

నాలుగో అంతస్తు గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. అమ్మగారి విషయంలో మీరు చేస్తున్నదే సరైనది. ఆ జబ్బున్నవాళ్ళతో నిజానిజాల వాదన పెట్టుకోకుండా వాళ్ళ భయాన్ని తగ్గించడమే మంచిదని సంరక్షణ నేర్పేవాళ్ళు కూడా చెప్తారు. మీరు ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు.

మిగతా చర్చకి నాకు తెలిసింది కాస్త కలుపుతా. మిడ్‌లైఫ్ క్రైసిస్ అనే మాటని 1965లో ఎలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చారు. కళాకారుల జీవితాలు పరిశీలించి, చావు అనేది ఎక్కడో దూరంగా లేదు, నాకూ ఉంది అని మనిషికి నిజంగా తెలిసొచ్చే దశ ఇదని ఆయన అన్నారు. మిట్టమధ్యాహ్నం గారి పోస్టులో హాస్పిటల్ భాగం చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఆ వ్యాసం వచ్చేనాటికి జాక్స్‌కి 48, ఆ తర్వాత ఇంకో 38 ఏళ్ళు బతికి, చివరిదాకా పని చేస్తూనే ఉన్నారు. అయితే తర్వాత అమెరికాలో జరిగిన సర్వేల్లో ఈ క్రైసిస్ వచ్చిందని చెప్పినవాళ్ళు దాదాపు నాలుగింట ఒక వంతే, వాళ్ళలో కూడా చాలామంది చెప్పిన కారణం వయసు కాదు, దగ్గరివాళ్ళు పోవడం, ఉద్యోగం పోవడం, విడాకులు లాంటి ఘటనలు. అంటే నలభై దాటితే అందరికీ తప్పనిసరిగా వచ్చే జబ్బేం కాదది.

నాకు ఇంకా ఎక్కువ నచ్చింది స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సెన్ చేసిన పని. ముందు చాలా కాలం ఉందనిపిస్తే మనుషులు కొత్తవాళ్ళని, కొత్త విషయాలని వెతుక్కుంటారు, కాలం తక్కువ ఉందనిపిస్తే మనసుకి దగ్గరైనవాళ్ళని ఎంచుకుంటారు అని ఆవిడ చూపించారు. దీంట్లో అసలు విశేషం ఏంటంటే ఇది వయసుతో ముడిపడ్డది కాదు. త్వరలో ఊరు వదిలి దూరంగా వెళ్ళిపోతున్నట్టు ఊహించుకోమంటే కుర్రాళ్ళు కూడా పెద్దవాళ్ళలాగే దగ్గరివాళ్ళతో గడుపుతాం అన్నారు, ఇంకో ఇరవై ఏళ్ళు ఆయుష్షు పెరిగిందనుకోండి అంటే పెద్దవాళ్ళు కూడా కుర్రాళ్ళలా కొత్తవాళ్ళ వైపు మొగ్గారు. అంటే మన ఎంపికల్ని మార్చేది పుట్టినతేదీ కాదు, ఎంత కాలం మిగిలిందని మనం అనుకుంటున్నామో అది.

దీన్ని బట్టి మీకో చిన్న పరీక్ష. ఇంకో నలభై ఏళ్ళు ఆరోగ్యంగా ఉంటారని ఎవరో గ్యారంటీ ఇచ్చారనుకోండి. అప్పుడు ఆ సీటు కావాలనిపిస్తుందా? అనిపిస్తే మీలో పని చేస్తోంది నాన్నగారి మరణం తెచ్చిన తొందర. అప్పుడు కూడా వద్దనిపిస్తే, ఆ పనే మీకు అక్కర్లేదు.

అలసట విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని పనికి సంబంధించిన స్థితిగా గుర్తించింది, జబ్బుగా కాదు. దానికి మూడు గుర్తులు చెప్పింది, ఒంట్లో శక్తంతా అయిపోయినట్టుండటం, పని మీద మనసు విరగడం, చేసే పనిలో పస తగ్గినట్టనిపించడం. మీరు రాసినదాంట్లో రెండోది కనిపిస్తోంది, మిగతా రెండూ మీరే చూసుకోవాలి.

కొత్త చెప్పులు:

నాకు 34, ఇక్కడ అందరికన్నా చిన్నవాణ్ణి, తప్పుగా అనుకోకండి అన్నా. మీ పోస్టు చదివి ముందు భయమేసింది, తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది. మీరు పరిగెత్తారు కాబట్టే ఈరోజు నిలబడి ఇది నాకొద్దు అనగలుగుతున్నారు కదా. మాకు చెప్పేవాళ్ళంతా గమ్యం చేరి, వెనక్కి తిరిగి, అంత పరిగెత్తక్కర్లేదురా అంటారు. ఆ మాట మా వయసులో నమ్మితే మేం ఎక్కడ ఆగిపోతామో. మరి నేనేం చెయ్యాలి, ఇప్పుడే ఆగాలా, పన్నెండేళ్ళు ఆగి అప్పుడు ఆగాలా?

మిట్టమధ్యాహ్నం:

తమ్ముడూ, నీ కోపం సరైందే. నేను పరిగెత్తినందుకు బాధపడట్లేదు, ఆ పరుగే ఇల్లు కట్టింది. పరుగులో నాకు తెలియకుండా జారిపోయినవి ఉన్నాయి, వాటికి బాధపడుతున్నా. డాన్స్ ప్రోగ్రామ్ ఆ రోజు సాయంత్రం ఆరున్నరకి, నేను ఆ టైమ్‌లో చేసిన పని ఏంటో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. నువ్వు ఆగొద్దు. అలాంటి సాయంత్రాలు నెలకి ఒకటో రెండో వస్తాయి, వాటిని మాత్రం వదులుకోకు.

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు వారాలు ఏమీ రాయనందుకు సారీ, మీరు చెప్పినవి ఒక్కొక్కటీ చేస్తూ ఉన్నా.

వానచినుకు అక్కా, టెస్టులు చేయించా. థైరాయిడ్ బాగానే ఉంది. విటమిన్ డి బాగా తక్కువ. మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది, ఇంకా షుగర్ కాదు గానీ అంచున ఉన్నావు, బరువు తగ్గి నడక మొదలుపెట్టు అన్నారు డాక్టర్. పొద్దున్నే నడుస్తున్నా. గురక సంగతి మా ఆవిణ్ణి అడిగితే, అడగడానికి ఇన్నేళ్ళు పట్టిందా అంది, దానికి కూడా పరీక్ష రాయించుకున్నా.

పాత సైకిల్ అన్నా, మీరు చెప్పినట్టు పేపర్ మీద రాద్దామని కూర్చున్నా. మొదటిరోజు నిజంగానే ఏమీ రాలేదు, చెమటలు పట్టాయి. మూడోరోజుకి మూడు లైన్లు వచ్చాయి. చిన్నోడికి చదరంగం పిచ్చి, నాకు పావులు ఎలా కదులుతాయో కూడా సరిగా రాదు, నేర్పమని అడిగా. వాడు కళ్ళు పెద్దవి చేసి చూసి, బోర్డు తెచ్చాడు. రోజూ ఓడిపోతున్నా. రెండో లైను మా ఆవిడతో పొద్దున నడక. మూడోది కింద చెప్తా.

పుస్తకాల పురుగు గారి పరీక్ష చాలా రోజులు వేధించింది. నలభై ఏళ్ళు ఇస్తే? నిజాయితీగా చెప్పాలంటే, ఆ సీటులో ఒక భాగం కావాలనే అనిపించింది, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పే భాగం. మిగతాది, ఆ రివ్యూలు, ఆ రాజకీయాలు, నలభై కాదు వందేళ్ళిచ్చినా వద్దు. పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇదే అడిగా, ట్రైనింగ్ బాధ్యత ఇవ్వగలరా, జీతం ఆ సీటంత అక్కర్లేదు అని. చూస్తాం అన్నారు, ఇంకో వారం టైమ్ ఇచ్చారు. కాదంటే ఏం చేస్తానో ఇంకా తేల్చుకోలేదు, లోన్ సంగతి నాకు గుర్తుంది.

నాలుగో అంతస్తు గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ అమ్మకి ఫోన్ చేసింది, వాళ్ళ అమ్మని చూసుకునేది వాళ్ళ అక్క, ఈ వారం అక్కని మన దగ్గరికి పంపించి నేను వెళ్ళి ఉంటా అంది. వెళ్ళింది కూడా.

మూడో లైను బాబాయ్. నంబరు దొరకడానికే నాలుగు రోజులు పట్టింది, మొన్న రాత్రి చేశా. నాకు ఏం మాట్లాడాలో ముందే రాసుకున్నా, ఆయన ఎత్తగానే హలో అన్నానంతే, పేరు చెప్పబోయేలోపే అటునుంచి, అన్నయ్య గొంతు లాగుందే, ఎవర్రా అన్నారు. రాసుకున్నదేదీ చదవలేదు. ఈత సంగతి అడిగా. ముందు దూకింది తనేనట, నీళ్ళు మింగింది మా నాన్నట. ఆదివారం వెళ్తున్నా, చిన్నోడు కూడా వస్తానంటున్నాడు.